నాసిక్ నిజంగా వైన్ నగరమేనా? చరిత్ర, ద్రాక్ష తోటలు, వెళ్లేవాళ్లకు వివరాలు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. నాసిక్‌ని "దేశ వైన్ రాజధాని" అంటున్నారు కదా, అది ప్రచారమా నిజమా అన్నది ఒకటి. అమ్మానాన్నలతో త్ర్యంబకం, షిర్డీ వెళ్తూ మధ్యలో ద్రాక్ష తోటలు కూడా చూడాలంటే ఏ నెలలో, ఊరికి ఎటువైపు వెళ్లాలన్నది రెండోది. మొదటిది తేలితే రెండోదానికి సగం జవాబు దొరికినట్టే.

నాసిక్ ముందు ద్రాక్ష ఊరు. వైన్ దానికి పాతికేళ్ల కిందట వచ్చిన కొత్త కొమ్మ. దేశంలో పండే ద్రాక్షలో వైన్‌కి వెళ్లేది నూటికి రెండు వంతులకు మించదు. మిగతాదంతా తినే పండు, ఎండు ద్రాక్ష. నిఫాడ్, దిండోరి తాలూకాల్లో కిలోమీటర్ల కొద్దీ కనిపించే పందిళ్లను చూసి "అబ్బో, ఇంత వైనా" అనుకుంటారు చాలామంది. అవి మన వీధి బండి మీదికీ, యూరప్‌లోని రాటర్‌డామ్ రేవుకీ వెళ్లే థాంసన్ సీడ్‌లెస్, దాని చుట్టాలైన సొనాకా, తాస్-ఎ-గణేశ్ తోటలు. గుర్తు పట్టడం తేలికే. తలకి పైన పందిరిలా అల్లుకుని గుత్తులు కిందికి వేలాడుతున్నా, వై ఆకారపు ఇనుప చట్రం మీద పరిచి ఉన్నా అది దాదాపుగా తినే ద్రాక్ష. కంచె వేసినట్టు నిటారు వరుసల్లో, కొమ్మలన్నీ తీగల మధ్య పైకి నిలబెట్టి, గుత్తులు మోకాలికీ నడుముకీ మధ్య ఉంటే అది వైన్ ద్రాక్ష.

ఊరి వయసు ముందు ద్రాక్ష వయసు ఏపాటిది కాదు. గ్రూప్స్‌కి చదివినవాళ్లకి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనం నోటికి వచ్చు. ఆ శాసనం ఉన్నది ముంబయి–ఆగ్రా హైవే పక్కన, ఊరి మధ్య నుంచి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని త్రిరశ్మి కొండ మీద. స్థానికులు పాండవలేణి అంటారు, పాండవులకీ దానికీ సంబంధం లేదు. అవి బౌద్ధ భిక్షువుల గుహలు. 3వ గుహలో వాసిష్ఠీపుత్ర పులుమావి 19వ పాలన సంవత్సరంలో గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి చెక్కించిన ప్రశస్తి ఉంది. 10వ గుహ శాతకర్ణి శత్రువు, క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు తొలిపించినది. ఓడినవాడి గుహ, గెలిచినవాడి గుహ ఒకే కొండ మీద పక్కపక్కనే ఉన్నాయన్నమాట. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా నహపానుడి వెండి నాణేలు దొరికాయి. వాటిలో మూడింట రెండు వంతుల మీద శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. శాసనాల్లో ఈ ప్రాంతం పేరు గోవర్ధనం. ఆ పేరుతో గంగాపూర్ రోడ్డు మీద ఇప్పటికీ ఒక ఊరుంది, నేటి వైన్ తోటలు సరిగ్గా దాని చుట్టుపక్కలే ఉన్నాయి. ద్రాక్ష సారా కూడా ఈ నేలకి అప్పటికే తెలుసు. దిగువన నేవాసా తవ్వకాల్లో రోమన్ల సారా జాడీల పెంకులు బయటపడ్డాయి. అది తాగినవాళ్లు దాన్ని ఓడలో తెప్పించుకున్నారు, ఇక్కడ పండించలేదు.

ఆ తర్వాతి చరిత్రని వేగంగా దాటేస్తాను. మొగలుల కాలంలో ఊరి పేరు గుల్షనాబాద్. 18వ శతాబ్దంలో పీష్వాల చేతికొచ్చాక పాత పేరు తిరిగొచ్చింది, ఘాట్లూ గుళ్లూ వాడాలూ (పెద్ద భవంతులు) లేచాయి. ఇప్పుడు మనం చూసే త్ర్యంబకేశ్వర ఆలయం నానాసాహెబ్ పీష్వా కట్టించినది. 1818లో ఇంగ్లీషువాళ్లు తీసుకున్నారు. కాలారాం గుడిలోకి దళితులని రానివ్వాలని అంబేడ్కర్ నాయకత్వంలో 1930 మార్చి 2న మొదలైన సత్యాగ్రహం అయిదేళ్లు సాగింది, తలుపులు తెరుచుకోలేదు. 1935 అక్టోబరులో ఇదే జిల్లాలోని యేవలాలో, తాను హిందువుగా మరణించనని ఆయన ప్రకటించారు. యేవలా అంటే మనవాళ్లకి పైఠణీ చీరలే గుర్తొస్తాయి, ఇది కూడా గుర్తుండాలి. దాదాసాహెబ్ ఫాల్కే పుట్టింది త్ర్యంబకంలో, పోయింది నాసిక్‌లో. 1920లలో నాసిక్ రోడ్డులో స్టాంపులు అచ్చేసే ఇండియా సెక్యూరిటీ ప్రెస్, 1928లో నోట్ల ముద్రణాలయం వచ్చాయి. ఆ తర్వాత దేవళాలిలో ఫిరంగి దళ శిక్షణ కేంద్రం, స్వాతంత్ర్యం వచ్చాక ఓఝర్‌లో మిగ్ విమానాల కర్మాగారం, సాత్‌పూర్, అంబడ్ పారిశ్రామిక వాడలు. 2011 లెక్కల్లో నగర జనాభా 14.86 లక్షలు. వాళ్లలో ఎక్కువమంది బతుకు ఫ్యాక్టరీలతోనో, మార్కెట్ యార్డులతోనో, యాత్రికులతోనో ముడిపడింది, వైన్‌తో కాదు.

ద్రాక్ష సంగతికొస్తే, ఓఝర్ ప్రాంతంలో 1925 నుంచీ తినే ద్రాక్ష పండుతోంది. మొదట భోక్రి లాంటి గింజ రకాలు, తర్వాత మన హైదరాబాద్ నుంచి వెళ్లిన అనాబ్-ఎ-షాహీ, ఆ పైన గింజ లేని థాంసన్. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలకి దేశంలోనే పేరు. అక్కడ తోటలు ప్లాట్లయ్యాయి, ఇక్కడ తోటలు విస్తరించాయి. దానికి భూమి ధర ఒక్కటే కారణం కాదు. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున, సహ్యాద్రి వాననీడ మొదలయ్యే చోట ఉంది. ఇగత్‌పురిలో ఏడాదికి 3000 మిల్లీమీటర్లు దాటే వాన నాసిక్ చేరేసరికి 700 చుట్టూ, నిఫాడ్ చేరేసరికి 500 చుట్టూ పడిపోతుంది. దూరం చూస్తే అంతా కలిపి 80 కిలోమీటర్లే. పడమట కురిసిన నీళ్లని గంగాపూర్, దార్ణా లాంటి జలాశయాలు పట్టి ఉంచితే తూర్పున పొడి గాలిలో పండు పండుతుంది. ద్రాక్షకి కావలసింది అదే: వేరుకి తడి, ఆకుకి పొడి.

ఇక అసలు విషయం. ఇది అర్థం కాకపోతే నాసిక్ వైన్ ఎందుకలా ఉంటుందో అర్థం కాదు. యూరప్‌లో చలికి తీగ ఆకులు రాల్చి నిద్రావస్థలోకి వెళ్తుంది, వసంతంలో ఒకేసారి చిగురిస్తుంది, ఏడాదికి ఒక కత్తిరింపు చాలు. 20 డిగ్రీల అక్షాంశంలో తీగ నిద్రపోదు. వదిలేస్తే ఏడాది పొడవునా పెరుగుతుంది, కాపు మాత్రం సరిగా రాదు. అందుకని రైతే కత్తెరతో రుతువులని సృష్టిస్తాడు, ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క కాపు తీస్తాడు.

మొదటిది ఏప్రిల్‌లో, మరాఠీ రైతులు ఖరడ్ ఛాటణీ అంటారు. కోత అయిపోయిన కొమ్మల్ని ఒకటి రెండు కళ్లు (చిగురించే మొగ్గలు) మాత్రం ఉంచి మొదలంటా కోసేస్తారు. ఆ తర్వాత వచ్చే కొత్త కొమ్మల్లోని మొగ్గల్లో, సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య, వచ్చే ఏడాది గుత్తి ఉంటుందా లేక ఉత్త నులితీగే వస్తుందా అన్నది తేలిపోతుంది. ఆ రోజుల్లో బాగా ఎండ తగలాలి, నీళ్లూ నత్రజనీ తగ్గాలి. మే చివర్లో మబ్బులు పట్టి వానలు ముందే దిగితే కొమ్మ ఏపుగా పెరుగుతుంది, మొగ్గ మాత్రం గొడ్డుబోతుంది. ఆ నష్టం వెంటనే కనిపించదు, ఆరు నెలల తర్వాత గుత్తుల లెక్కలో బయటపడుతుంది.

రెండోది కాపు కత్తిరింపు, సెప్టెంబరు–అక్టోబరుల్లో. ముదిరిన కొమ్మని గుత్తి దాగిన కన్ను దగ్గర కోస్తారు. రకాన్ని బట్టి ఆ కన్ను ఎన్నోదో మారుతుంది కాబట్టి ముందే కొన్ని మొగ్గల్ని కోసి సూక్ష్మదర్శిని కింద చూపించుకునే రైతులున్నారు. కోశాక ఆ కళ్లకి హైడ్రోజన్ సైనమైడ్ ద్రావణం పూస్తారు, లేకపోతే చలికాలం లేని ఈ నేలలో చివరి కన్నే ముందు చిగురించి మిగతావి మొండికేస్తాయి. ఈ మందుతో జాగ్రత్త. పూసే మనిషి దానికి ముందూ తర్వాతా మద్యం ముట్టకూడదు, ముడితే ముఖం ఎర్రబడి, గుండె దడ, ఊపిరాడకపోవడం దాకా వెళ్తుంది. వైన్ తోటలో పని చేసేవాడికి మద్యం నిషిద్ధమయ్యే రోజులు అవి.

కాపు కత్తిరింపు తేదీ ఒక జూదం. సెప్టెంబరులోనే కోస్తే పండు ముందు వచ్చి మంచి ధర పలుకుతుంది, కానీ తిరుగు వానలు పూతమీద పడతాయి. చిగురు నుంచి తొలి 45–50 రోజులూ బూజు తెగులు (ఆకు కింద తెల్లటి నూగు పట్టేది, డౌనీ అంటారు) భయం. పూతలో వాన పడితే గుత్తి కుళ్లి రాలిపోతుంది. అక్టోబరు చివర కోస్తే ఆ బెడద తప్పుతుంది, కాని పండు మార్చి ఎండల్లోకి జరుగుతుంది. పండు పక్వానికొచ్చాక జనవరిలో అకాల వాన పడితే కాయలు పగులుతాయి. నిఫాడ్ వైపు డిసెంబరు–జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత బాగా దిగిపోతుంది. పగటికీ రాత్రికీ తేడా మరీ పెరిగితే ఆకుపచ్చ థాంసన్ పండు గులాబీ రంగుకి తిరుగుతుంది, ఎగుమతిదారు కొనడు. అలాంటి రాత్రుల్లో తోటలో పొగ పెట్టడం, తెల్లవారుజామున బిందు సేద్యపు నీళ్లు వదలడం మామూలు. ఖర్చు భరించగలిగినవాళ్లు ఇప్పుడు పందిరి మీద ప్లాస్టిక్ కప్పు వేస్తున్నారు.

తినే ద్రాక్షకీ వైన్ ద్రాక్షకీ సేద్యం ఒక్కటి కాదు. తినే పండుకి కాయ లావుగా సాగాలి, అందుకు జిబ్బరెలిక్ ఆమ్లంలో గుత్తుల్ని ముంచుతారు, సగం కాయల్ని తీసేస్తారు, ఎకరాకి 10–12 టన్నులు తీస్తారు. వైన్‌కి కాయ చిన్నదిగా, తోలు మందంగా ఉండాలి, ఎందుకంటే రంగూ వగరూ తోలులోనే ఉంటాయి. మంచి ఎర్ర వైన్‌కి ఎకరాకి 3–4 టన్నులు దాటనివ్వరు, మామూలు రకానికి 5–7. వేరుమూలం (అంటు కట్టే కింది మొక్క) కూడా వేరు. ఉప్పుదేరిన నల్లనేలల్లో తినే రకాలకి డాగ్‌రిడ్జ్ వాడతారు, అది కొమ్మని ఏపుగా పెంచుతుంది. వైన్‌కి ఆ ఏపు పనికిరాదు, అంత ఏపు లేని 110ఆర్ లాంటిది ఎంచుకుంటారు. నిఫాడ్ నల్లరేగడి తినే ద్రాక్షది, దిండోరి, గంగాపూర్ వైపు మొరం కలిసిన వాలు నేలలు వైన్‌వి. 750 మిల్లీలీటర్ల సీసాకి సుమారు 1.2 కిలోల పండు కావాలి.

2010లో యూరప్ మన ద్రాక్షని వెనక్కి కొట్టిన సంగతి ఈ సేద్యపు లెక్కలోదే. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత కొమ్మ ఏపుని అదుపు చేయడానికి క్లోర్‌మెక్వాట్ (రైతుల భాషలో సీసీసీ) కొట్టేవారు. ఎగుమతికి ముందు మన దగ్గర పరీక్షించే మందుల జాబితాలో అది లేదు, అక్కడి ప్రయోగశాలలు పట్టుకున్నాయి. ఏప్రిల్‌లో కొట్టినది తీగలో నిలిచిపోయి మరుసటి ఫిబ్రవరి పండులో తేలింది. అప్పటి నుంచి ఎగుమతి తోట ప్రతిదానికీ నమోదు, పరీక్షల జాబితా రెండూ గట్టిపడ్డాయి.

వైన్ కథ ఈ సేద్యం మీద నిలబడింది. అంతకుముందు మహారాష్ట్రలో పేరున్న వైన్ పుణె జిల్లా నారాయణ్‌గావ్‌ది. నాసిక్‌లో మలుపు 1997లో. కాలిఫోర్నియా సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ గంగాపూర్ జలాశయం దగ్గరి సొంత భూమిలో సొవిన్యో బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ రకాలు నాటించారు. కాలిఫోర్నియా వైన్ నిపుణుడు కెర్రీ డామ్‌స్కీ తోడయ్యారు. 2000లో సామంత్ కంపెనీ సులా మొదటి సీసాలు బజారుకొచ్చాయి. 2001లో రాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి, రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసే వైన్‌కి ఎక్సైజ్ సుంకం తీసేసింది, ఇదే జిల్లాలోని వించూర్‌లో వైన్ పార్కు పెట్టింది. అయిదారేళ్లలో డజన్ల కొద్దీ వైనరీలు లేచాయి. చక్కెర సహకార సంఘాల పద్ధతికి అలవాటు పడ్డ జిల్లా అది, "యంత్రాలు పెడితే సరుకు అదే అమ్ముడవుతుంది" అన్న లెక్కతో దిగారు చాలామంది. 2008 మాంద్యం, ఆ నవంబరు ముంబయి దాడులతో హోటళ్లు ఖాళీ అయ్యాయి, ట్యాంకుల్లో వైన్ మిగిలిపోయింది, రైతులకి డబ్బు రాలేదు. కొందరు రైతులు వైన్ తీగలు పీకి మళ్లీ థాంసన్ పెట్టారు. వించూర్‌లో మూతపడ్డ షెడ్లు ఆ కాలానివే. వైన్ తీయడం కన్నా అమ్మడం కష్టమని తెలిసిన కొద్దిమందే మిగిలారు. 2010లో "నాసిక్ వ్యాలీ వైన్"కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2012లో కర్ణాటక నంది కొండల గ్రోవర్, ఇగత్‌పురి దగ్గరి జంపా ఒక్కటయ్యాయి. 2013లో ఫ్రాన్స్‌కి చెందిన షాందో దిండోరిలో తయారైన మెరిసే వైన్‌ని బజారులోకి తెచ్చింది. 2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మనిస్తామని మంత్రివర్గం నిర్ణయించి, గొడవ లేచాక అమలు చేయకుండా ఆపేసింది. సులా అదే ఏడాది డిసెంబరులో షేర్ మార్కెట్‌కి వెళ్లింది.

నా అంచనాలో ఇక్కడి తెల్లవే మేలు. షెనిన్ వేడిలో కూడా పులుపు నిలుపుకుంటుంది, అందుకే ఈ ప్రాంతపు వైన్‌కి కాడెద్దు అదే. జనవరి–ఫిబ్రవరిలో రాత్రి చల్లగా, పగలు 28–30 డిగ్రీలు ఉన్నప్పుడు తెల్లవారకముందే కోసి, 12–16 డిగ్రీల దగ్గర పులియబెడతారు. ఎర్రవాటిలో షిరాజ్ నమ్మదగినది. కాబెర్నేతో చిక్కు ఉంది. వేడికి చక్కెర గబగబా ఎక్కుతుంది కాని తోలులోని వగరు ఆ వేగానికి పండదు. చక్కెర చూసి కోస్తే పచ్చి ఆకు వాసన, వగరు పండేదాకా ఆగితే పులుపు పోయి మద్యం శాతం పెరుగుతుంది. అప్పుడు టార్టారిక్ ఆమ్లం కలిపి సరిచేస్తారు. అది తప్పేం కాదు, వేడి దేశాలన్నింట్లో చేసేదే, చేయి జారితే మాత్రం నాలుక మీద పులుపు విడిగా తెలుస్తుంది.

ఇవాళ్టి ఊరిని మూడు ముక్కలుగా చూడండి. మధ్యలో గోదావరి గట్టున పంచవటి, రామకుండం, కాలారాం, సీతాగుంఫా, నంది లేని కపాలేశ్వర శివాలయం. (మన భద్రాచలం దగ్గరి పర్ణశాల కూడా పంచవటి తనదే అంటుంది. నది ఒకటే కదా, గొడవ దేనికి?) ఇక్కడ వరద కొలతకి గేజీ అక్కర్లేదు. నీళ్లు రెండు మొహాల మారుతి విగ్రహానికి నడుము దాకా వచ్చాయా, మెడ దాకా వచ్చాయా అని చెప్పుకుంటారు. 2008 సెప్టెంబరు, 2019 ఆగస్టు వరదల్లో అంతా మునిగింది. కుంభమేళాల కోసం నది అడుగున సిమెంటు పోసి పాత కుండాల ఊటలు మూసేశారన్నది ఊళ్లో పాత గొడవ, కోర్టు దాకా వెళ్లింది. రెండో ముక్క దక్షిణాన నాసిక్ రోడ్డు స్టేషన్, ముద్రణాలయాలు, దేవళాలి. స్టేషన్ నుంచి పాత ఊరు తొమ్మిది కిలోమీటర్లు, దిగగానే ఘాట్ కనిపిస్తుందనుకోకండి. మూడోది పడమట గంగాపూర్ రోడ్డు: కాఫీ షాపులు, కొత్త అపార్ట్‌మెంట్లు, ఆపైన జలాశయపు గట్టున సులా, యార్క్, సోమా వైనరీలు. ఒకే ఊళ్లో అస్థి నిమజ్జనానికి వచ్చినవాళ్లూ, ముంబయి నుంచి గ్లాసు పట్టుకోవడానికి వచ్చినవాళ్లూ ఉంటారు, ఒకరికొకరు పెద్దగా ఎదురుపడరు.

నీటి సంగతి మనకీ తగులుతుంది. అక్టోబరు 15 నాటికి గోదావరి దిగువనున్న జాయక్‌వాడి జలాశయం 65 శాతం నిండకపోతే నాసిక్, అహిల్యానగర్ (పాత అహ్మద్‌నగర్) జిల్లాల పై డ్యాముల నుంచి నీళ్లు వదలాలన్నది రాష్ట్ర జలనియంత్రణ సంస్థ 2014లో ఇచ్చిన ఉత్తర్వు. కాపు కత్తిరింపు సరిగ్గా అప్పుడే. ఎండకాలపు సాగునీరు కిందికి పోతుందని ద్రాక్ష రైతులు రోడ్డెక్కేది అందుకే. అదే నది ఇంకా కిందికి బాభళి (మనం బాబ్లీ అనే ప్రాజెక్టు) దాటి శ్రీరాంసాగర్ చేరుతుంది.

ఇక ప్రయాణం. హైదరాబాద్ వైపు నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, నాందేడ్, మన్మాడ్ మీదుగా నాసిక్ రోడ్డుకి నేరుగా వెళ్తుంది. అజంతా ఎక్స్‌ప్రెస్ మన్మాడ్ దాకా, అక్కడి నుంచి ఇంకో 70 కిలోమీటర్ల చిల్లర. షిర్డీ నుంచి రోడ్డు మీద సుమారు 90, నాసిక్ నుంచి త్ర్యంబకం 30 లోపు. నెల విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను: గుత్తులు చూడాలంటే జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం లోపే. ఏప్రిల్–మే నెలల్లో వెళ్తే మోడుల వరుసలు, ఎండ. జూలై–సెప్టెంబరుల్లో కొండలు, జలపాతాలు కళ్లు చెదరగొడతాయి, తోటలో మాత్రం ఆకు తప్ప పండుండదు. "ఫొటోల్లో గుత్తులున్నాయే" అని ఆగస్టులో అడిగేవాళ్లు ఎక్కువ. శని, ఆదివారాలు ముంబయి జనం, ఫిబ్రవరిలో సంగీతోత్సవం పెట్టిన రోజులైతే గంగాపూర్ రోడ్డు కదలదు. మంగళ, బుధ, గురువారాలు మేలు.

రెండు రోజులు చాలు. మొదటి రోజు తెల్లవారుజామునే త్ర్యంబకం. సోమవారం, శ్రావణమాసం తప్పించండి. లింగం స్థానంలో గుంట, అందులో బొటనవేలంత మూడు లింగాలు, పైనున్న అద్దంలో చూడాలి. పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే తోపులాటలో ఏం చూశామో తెలియకుండా బయటికొస్తారు. కాలసర్పం, నారాయణ నాగబలి లాంటివి చేయించాలంటే వంశపారంపర్య తామ్రపత్రం ఉన్న పురోహితులని ముందుగా మాట్లాడుకోండి, స్టాండులో ఎదురొచ్చేవాళ్లతో బేరం వద్దు. తిరుగుదారిలో మధ్యాహ్నం దాటాక గంగాపూర్ వైపు తోటలు. రెండో రోజు పొద్దున్నే పాండవలేణి (సుమారు 200 మెట్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం), పది గంటల లోపు మిసళ్ పావ్, ఆపైన పంచవటి. కారు బయటే పెట్టి ఆటోలో వెళ్లండి, ఆ సందుల్లో తిరగడం మన వల్ల కాదు.

వైనరీలో టూర్ అంటే ట్యాంకులు, పీపాల గది చూపించి 5–6 రకాలు తలా 30 మిల్లీలీటర్లు పోస్తారు. తాగనివాళ్లు ఊరికే తిరిగి రావచ్చు, చాలాచోట్ల శాకాహార భోజనం బాగుంటుంది, అమ్మానాన్నలకి ఇబ్బందేమీ ఉండదు. వైన్‌కి మహారాష్ట్రలో వయసు 21 నిండాలి. గాంధీ జయంతి, రిపబ్లిక్ డే, ఆషాఢ ఏకాదశి, అనంత చతుర్దశి, ఎన్నికల రోజుల్లో పోయరు. ఆరు రుచులు కలిపితే 180 మిల్లీలీటర్లు, 13 శాతం లెక్కన 18 గ్రాముల మద్యం. 65 కిలోల మనిషి రక్తంలో అది 40 మిల్లీగ్రాముల దగ్గరికి చేరగలదు. చట్టం పరిమితి 100 మిల్లీలీటర్లకి 30. కాబట్టి బండి నడిపేవాళ్లు రుచి చూసి ఉమ్మేయాలి, లేదా కారు మాట్లాడుకోవాలి.

కొనేటప్పుడు సీసా మీది సంవత్సరం చూడండి. తెల్లవి రెండేళ్లు దాటినవి వద్దు, అవి దాచుకునే రకం కాదు. మన ఊళ్లలో వైన్ షాపు పై అరలో ఎండ తగిలే చోట నిలబెట్టిన సీసా కన్నా వైనరీ కౌంటర్లో కొన్నదే నయం, బిల్లు దగ్గరుంచుకోండి. రాష్ట్రం దాటించే పరిమితి ఎంతో ముందే తెలుసుకోండి, దాటితే కేసు. ఎండాకాలం కారు డిక్కీలో రెండు గంటలు ఉంటే చాలు, వైన్ ఉడికిపోతుంది, మూత కొద్దిగా పైకి లేచిందంటే అదే గుర్తు. తెల్లది 8–10 డిగ్రీల్లో, ఎర్రది 16–18లో తాగాలి. "గది వేడి" అన్నది మన 32 డిగ్రీల గది గురించి చెప్పింది కాదు, ఎర్రదాన్ని కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మన కారానికి వగరు ఎర్రవి పనికిరావు, నోరు ఇంకా మండుతుంది. కొద్దిగా తీపి ఉన్న షెనిన్ గోంగూర మాంసం పక్కన కూడా నిలబడుతుంది.

ఒక హెచ్చరిక 2027 గురించి. గురుడు సింహరాశిలోకి వస్తే మనకి గోదావరి పుష్కరాలు, వాళ్లకి సింహస్థ కుంభమేళా. మన పుష్కరాలు పన్నెండు రోజులు, నాసిక్–త్ర్యంబకంలో సింహస్థం ఏడాదికి పైన నడుస్తుంది. 2026 అక్టోబరు చివర ధ్వజారోహణంతో మొదలై పెద్ద స్నానాలు 2027 ఆగస్టు–సెప్టెంబరుల్లో ఉంటాయి. అప్పుడు త్ర్యంబకం రోడ్డులో సొంత వాహనాలు ఊరి బయటే ఆపేస్తారు, గదుల ధరలు ఎక్కడికో వెళ్తాయి. స్నానం మీ ఉద్దేశమైతే ఆ తేదీలకే వెళ్లండి, తోటలు ఉద్దేశమైతే ఆ రెండు నెలలూ వదిలేసి జనవరిలో, వారం మధ్యలో, గంగాపూర్ రోడ్డు వైపే గది తీసుకోండి.